పదకొండు కిలోమీటర్ల ప్రతిష్ఠ

తాడాల నూకరాజు కారు నాలుగేళ్ళలో పదకొండు కిలోమీటర్లు తిరిగింది. ఇది నింద అనుకునేరు, కాదు. ఉభయ గోదావరి మండల స్పోర్ట్స్ కార్ల క్లబ్బులో ఇంతటి కీర్తి గడించినవాడు మరొకడు లేడు. ఆ పదకొండులో కూడా తొమ్మిది షోరూము వాళ్ళు తిప్పినవే. నూకరాజు స్వయంగా నడిపినవి రెండే రెండు. ఆ రెండింటికీ ఆయన ఇప్పటికీ పశ్చాత్తాపపడుతూనే ఉంటాడు, కనీసం క్లబ్బు సమావేశాల్లో.

నూకరాజుది కడియం దగ్గర పూలమొక్కల నర్సరీ. కుర్రతనంలో సైకిలు కారియరుకు గంప కట్టుకుని గులాబీ అంట్లు అమ్మినవాడు, ఇప్పుడు యాభై అయిదో ఏట పద్దెనిమిది ఎకరాల్లో మొక్కలు పెంచి లారీల మీద దేశమంతా పంపిస్తున్నాడు. ఆయన కొన్న కారు ఎర్రటిది, రెండే సీట్లది, నేలకు జానెడెత్తున ఉండేది. గేర్లు చేత్తో వేసుకునేదే కావాలని పట్టుబట్టి మరీ తెప్పించుకున్నాడు. దాన్ని ఎందుకు కొన్నాడో మొదట్లో ఆయనకు బాగానే గుర్తుండేది. క్లబ్బులో చేరాక మెల్లగా మరిచిపోయాడు.

క్లబ్బు అధ్యక్షులు నిట్టల భానుమూర్తి గారు ఏదో ప్రభుత్వ శాఖలో చాలా పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరైన మనిషి. ఏ శాఖ అని అడిగితే "శాఖ" అని ఊరుకుంటారు. అల్లుడు కొనిపెట్టిన నీలం కారు ఒకటి ఆయనకుంది. క్లబ్బు పెట్టిన కొత్తలో ఆయన నాయకత్వంలోనే సభ్యులంతా మారేడుమిల్లికి తొలి విహారయాత్ర బయల్దేరారు. పన్నెండు కార్లు, పన్నెండు టోపీలు, ఒక బ్యానరు. నూకరాజు అప్పటికింకా క్లబ్బులో చేరలేదు. రాజమండ్రి దాటిన పావుగంటకే ఒక ఊరు వచ్చింది. ఆ ఊరివాళ్ళు ఎవరినీ అడక్కుండా, సొంత ఉత్సాహం కొద్దీ, రోడ్డుకడ్డంగా సిమెంటుతో స్పీడు బ్రేకరు పోసుకున్నారు. అది గేదె పడుకున్నంత ఉంది. అధ్యక్షుల వారి కారు ముందు చక్రాలు అటూ వెనక చక్రాలు ఇటూ వేసి, పొట్ట ఆనించి దాని మీద ఆగిపోయింది.

పక్కన టీ కొట్టు దగ్గర కూర్చున్న ఆరుగురు మనుషులు లేచొచ్చారు. "జరగండి బాబూ, ఎత్తి అవతల పెట్టేత్తాం. రెండు నిమిషాల పని," అన్నారు.

భానుమూర్తి గారు చెయ్యెత్తి ఆపారు. "ఎవరు పడితే వారు ఎత్తడానికి వీల్లేదు. దీనికో విధానం ఉంటుంది. ముందు ఘటనా స్థలాన్ని యథాతథంగా ఉంచండి."

విధానం రావడానికి అయిదు గంటలు పట్టింది. అది క్రేను రూపంలో వచ్చింది. అప్పటికి టోపీలు చెమటకు తడిసిపోయాయి, బ్యానరు చుట్టేశారు, ఆరుగురు మనుషులూ భోజనాలు చేసి ఒక కునుకు తీసి మళ్ళీ వచ్చి కూర్చున్నారు. కార్లన్నీ వెనక్కి తిరిగాయి.

ఈ ఘటన మీద విచారణ సంఘం వేశారు. సంఘం నలభై రెండు పేజీల నివేదిక ఇచ్చింది. దాన్ని భానుమూర్తి గారు సర్వసభ్య సమావేశంలో నిలబడి చదివారు. "రోడ్డునందు లోపమున్నదని చెప్పజాలము, ఏలనన రోడ్డు మన పరిధిలోనిది కాదు. కారునందు లోపమున్నదని చెప్పజాలము, ఏలనన కారు మిక్కిలి ఖరీదైనది. కావున లోపము చలనమునందే కలదని ఇందుమూలముగా నిర్ధారించడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వారమే కొత్తగా చేరిన నూకరాజు అందరికన్నా గట్టిగా కొట్టాడు. ఇంత పెద్ద చదువు చదివిన మాటలు ఆయన పెళ్ళి మంత్రాల తర్వాత మళ్ళీ ఎక్కడా వినలేదు.

ఆ రోజునుంచి క్లబ్బు గొప్ప దారిలో పడింది. కారు ఎంత తక్కువ తిరిగితే సభ్యుడికి అంత గౌరవం. మీటరు రీడింగు అందరిలోకీ తక్కువ ఎవరిదో వాళ్ళే రాబోయే ఎన్నికల్లో అధ్యక్షులు. నెలనెలా సమావేశానికి కారు తీసుకురావడం తప్పనిసరి, నడిపి తీసుకురావడం మాత్రం నిషిద్ధం. కాబట్టి కార్లన్నీ లారీలెక్కి వచ్చేవి. నూకరాజు కారును నర్సరీ లారీ మీద డ్రైవరు సోములు తెచ్చేవాడు. ఒక పక్క కారు, మరో పక్క అమ్మాల్సిన కొబ్బరి మొక్కలు. నాలుగేళ్ళలో సోములు ఆ కారును మూడువేల కిలోమీటర్ల దాకా మోసుకు తిరిగాడు. మీటరుకు ఆ సంగతి తెలియదు కాబట్టి క్లబ్బుకూ తెలియదు.

ఏటా డిసెంబరులో 'నిశ్చల పందెం' జరిగేది. రాజమండ్రి శివార్లలో క్లబ్బు వాళ్ళు వాడుకునే ఫంక్షన్ హాలు మైదానంలో సున్నంతో గీత గీసి, ఆ గీత మీద పద్నాలుగు కార్లనూ దింపేవాళ్ళు. భానుమూర్తి గారు మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టి జెండా ఊపేవారు. జెండా కిందపడగానే ఒక్క కారూ కదలకూడదు. అదే పందెం. అలా మూడు గంటలు.

మైకులో వ్యాఖ్యానం చెప్పే బాధ్యత పేరి జనార్దనశర్మ గారిది. ఆయన వకీలు, క్లబ్బుకు న్యాయ సలహాదారు, గౌరవ సభ్యుడు. ఆయనకు కారు లేదు. స్కూటరు కూడా లేదు. షేరాటోలో వచ్చి, షేరాటోలో వెళ్ళేవారు. "గంటన్నర గడిచింది. పోటీ హోరాహోరీగా ఉంది. అనపర్తి కోళ్ళ ఫారాల యజమాని తేతలి బులిరెడ్డి గారు చాలా నిలకడ చూపిస్తున్నారు. తాడాల నూకరాజు గారు ఏమాత్రం తగ్గట్లేదు," అని ఆయన గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే సభ్యులు కుర్చీల అంచుల మీద కూర్చుని చూసేవాళ్ళు.

పోయినేడు ఒక పళ్ళ డాక్టరు హ్యాండు బ్రేకు వేయడం మరిచిపోయాడు. రెండో గంటలో ఆయన కారు రెండడుగులు ముందుకు జారింది. మైదానమంతా హాహాకారాలు. డాక్టరును అక్కడికక్కడే క్లబ్బులోంచి తొలగించారు. ఆయన మళ్ళీ అటువైపు రాలేదు. రోజూ ఆస్పత్రికి ఆ కారులోనే వెళ్ళి, ఆ కారులోనే ఇంటికొస్తున్నాడని వినికిడి. పతనం మొదలైతే అలాగే ఉంటుంది మరి. మిగతా పదమూడు మందికీ ప్రథమ బహుమతి ఇచ్చారు.

ఇక అక్కణ్ణించి నియమాలు వెనక్కి చూడలేదు. కారు కదలకపోయినా ఇంజను ఆడిస్తే లోపల ఏవో భాగాలు కదులుతాయని ఎవరో కనిపెట్టారు. ఆర్నెల్ల క్రితం ఇంజను నిషేధించారు. నిలబడ్డ కారు బరువుకు టైర్లు అరుగుతాయన్నారు. చక్రాలు ఊడదీసి కార్లను ఇటుకల మీద నిలబెట్టారు. కూర్చుంటే సీటు నలుగుతుంది గనక 'ఆసన ఘర్షణ నివారణ'కు ఒక ఉపసంఘం వేశారు. దానికి అధ్యక్షుడు భానుమూర్తి గారే. నూకరాజు ఒక్కో నియమానికీ చెయ్యెత్తాడు. ఆయన పదకొండుకు దగ్గర్లో ఉన్నది, ఆయనలాగే ఆ యాత్ర తర్వాత చేరిన బులిరెడ్డి పద్నాలుగొక్కటే. ఈ ఎన్నికలో అధ్యక్ష పదవి ఎవరిదో కడియం నర్సరీల్లో మొక్కలకు కూడా తెలుసు.

ఎన్నిక ఇంకో పది రోజులుందనగా నూకరాజు భార్య సత్యవేణి మాట కదిపింది. ఆవిడ షెడ్డులో ఎత్తు స్టూలు మీద కూర్చుని ప్లాస్టిక్ కవర్లలో మట్టి నింపుతోంది. నర్సరీ ఎంత పెరిగినా ఆ పని ఆవిడ వదల్లేదు. మోకాళ్ళు మాత్రం ఆవిణ్ణి వదిలేశాయి.

"ఏవండీ, ఆపరేషను బుధవారం అన్నారు. ఈ బుధవారం కాదు, పైబుధవారం. రెండు మోకాళ్ళూ మార్చేత్తారంట."

"మంచిదే కదా. ఇంకెన్నాళ్ళు బాధపడతావు?"

"మంచిదేనండి. కానీ ఆ తరవాత మరి కిందకి కూచోకూడదంట. పీట మీద కూడా కూచోకూడదంట." ఆవిడ కవరును దులిపి నిలబెట్టింది. "మీ కారు సీటు నేల మీద పీటలా ఉంటాది. ఇప్పుడైతే ఎలాగోలా దిగబడతాను. ఆపరేషనయ్యాక నావల్ల కాదు. ఈలోపే తీసుకెళ్ళాలి మీరు."

ఎక్కడికని నూకరాజు అడగలేదు. ముప్పయ్యేళ్ళ క్రితం, పెళ్ళైన కొత్తలో, ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డున ఒక గెస్ట్‌హౌసుకు క్రోటను మొక్కలు దింపడానికి ఇద్దరూ లారీ మీద వెళ్ళారు. సత్యవేణి మొక్కల మధ్య నిలబడి, ఆకులు పక్కకి తప్పించుకుంటూ జన్మలో మొదటిసారి సముద్రం చూసింది. అయిదు నిమిషాలైనా కాలేదు, లారీ డ్రైవరు హారను కొట్టాడు. ఆవిడ మొహం చూసి నూకరాజుకు మనసు చివుక్కుమంది. "మళ్ళీ తీసుకొస్తాను. ఇద్దరికే సీట్లుండే కార్లో తీసుకొస్తాను. మొక్కలుండవు, డ్రైవరుండడు, నువ్వు చాలన్నదాకా చూద్దువుగాని," అన్నాడు. అప్పుడాయన దగ్గర సైకిలే ఉండేది. ఆ మాట మీదే ఎర్రకారు కొన్నాడు.

"పైఆదివారం ఎన్నికే సత్యవేణీ," అన్నాడు నూకరాజు. "ఈ ఒక్కటీ గడవనీ. అధ్యక్షుణ్ణయ్యాక నాకు విశేషాధికారాలుంటాయి. ప్రత్యేక అనుమతి రాయించుకుని..."

"మొక్కని కవర్లో ఎన్నేళ్ళుంచుతామండీ? వేళ్ళు చుట్టుకుపోయి అందులోనే చచ్చిపోద్ది. మీకు నేను చెప్పాలా?"

జవాబు తోచనప్పుడు క్లబ్బులో అందరూ చేసినట్టే నూకరాజూ బాధ్యత గురించి కాసేపు మాట్లాడాడు.

కానీ ఆ సాయంత్రం మనసాగక ఆవిణ్ణి షెడ్డులోకి తీసుకెళ్ళి కారు మీద గుడ్డ తొలగించాడు. తలుపు తీసి, రెండు చేతులూ పట్టుకుని మెల్లగా సీట్లో కూర్చోబెట్టాడు. కారు ఇటుకల మీద ఉంది, చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. సత్యవేణి ముందున్న అద్దంలోంచి చూసింది. అద్దం అవతల ఎరువు బస్తాలున్నాయి. అయినా ఆవిడ పది నిమిషాలు అలాగే కూర్చుని, "బాగుందండీ," అంది.

మర్నాడు పొద్దున్నే ఆసన ఘర్షణ నివారణ ఉపసంఘం తనిఖీకి దిగింది. భానుమూర్తి గారు, బులిరెడ్డి, ఒక టేపు. భానుమూర్తి గారు సీటు పొడవూ వెడల్పూ కొలిచి, వంగి భూతద్దంతో చూసి, నిటారుగా నిలబడ్డారు. ఆయన వేళ్ళ మధ్య ఒక కనకాంబరం పువ్వుంది.

"నూకరాజు గారూ, ఈ పుష్పం సదరు సీటు మీదకు ఎలా సంక్రమించింది?"

సత్యవేణి షెడ్డు గుమ్మంలోనే నిలబడి ఉంది. తల్లో ఆ రోజు కూడా కనకాంబరాలే.

"నర్సరీ కదండీ," అన్నాడు నూకరాజు. "గాలికి వచ్చి పడుంటుంది."

"ఎవరూ ఆసీనులు కాలేదని రాసుకోమంటారా?"

"ఎవరూ కూర్చోలేదండి. ఎవరు కూర్చుంటారు?"

బులిరెడ్డి గుమ్మంకేసి చూసి, నవ్వు ఆపుకుని, "గాలి గట్టిగానే వీత్తన్నట్టుందండీ మీ ఇంట్లో," అన్నాడు. భానుమూర్తి గారు పువ్వును ఒక కవర్లో వేసి, తేదీ రాసి, సంతకం పెట్టించుకుని పట్టుకెళ్ళారు. నూకరాజు వెనక్కి తిరిగేసరికి సత్యవేణి అక్కడ లేదు. ఆ రాత్రి ఆవిడ ఎప్పటిలాగే అన్నం వడ్డించింది. తిట్టి ఉంటే బాగుండునని నూకరాజుకు అనిపించింది. చాలా సిగ్గేసింది. అయినా పదకొండు పదకొండే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఎన్నికల ఆదివారం రానే వచ్చింది. నూకరాజు తన తోటలో పూసిన బంతిపూలతో మనిషెత్తు దండ ఒకటి తనే కట్టించి, తనే లారీ ఎక్కించాడు. గెలిచాక దండకోసం ఎవరూ వెతుక్కోకూడదని. సత్యవేణిని కూడా రమ్మన్నాడు. ఆవిడ చీర మార్చుకుని వచ్చి, హాలులో మొదటి వరుసలో కుర్చీ చూసుకుని కూర్చుంది. కార్లన్నీ మైదానంలో ఇటుకల మీద బారులు తీరి ఉన్నాయి.

"అభ్యర్థులు తమ రీడింగులు సమర్పించవలసిందిగా కోరడమైనది," అన్నారు భానుమూర్తి గారు.

"పదకొండు," అన్నాడు నూకరాజు, గొంతు సవరించుకుని. చప్పట్లు మోగాయి.

బులిరెడ్డి తీరిగ్గా లేచాడు. "మూడండీ," అన్నాడు.

హాలంతా ఉలిక్కిపడింది. "మీది పద్నాలుగు కదయ్యా!"

"అది పాత కారండి. కొత్తది కొన్నాను. ఇంకా పెట్టె విప్పలేదు. లోపల ఏ రంగుందో నాకూ తెలీదు." ఆయన జేబులోంచి కంపెనీ వాళ్ళిచ్చిన రీడింగు కాగితం తీసి చూపించాడు. మైదానం చివర ఒక ట్రాలీ మీద ఇనుప పెట్టె నిలబడి ఉంది. కొంతమంది సభ్యులు కిటికీల దగ్గరకెళ్ళి దానికి దణ్ణం పెట్టినంత పని చేశారు. చూడకుండా, తాకకుండా, రంగు తెలియకుండా ఒక కారుకు యజమాని కావడం అంటే మాటలా!

"మూడు కిలోమీటర్లు. ఇంతకన్నా తక్కువ ఎవరికైనా..." అంటూ భానుమూర్తి గారు ఆనవాయితీగా అడిగారు.

మైకు దగ్గర కూర్చున్న జనార్దనశర్మ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నాకుందండి," అన్నారు.

"మీకు కారే లేదు కదా శర్మగారూ?"

"అదే మనవి చేస్తున్నాను. నియమావళి పదిహేడో నిబంధన చూడండి. 'అత్యల్ప చలనము గల సభ్యుడు' అని ఉంది. కారు ఉండవలెనని ఎక్కడా లేదు. గౌరవ సభ్యుడూ సభ్యుడే. బులిరెడ్డి గారి కారు పెట్టెలో ఉన్నా మూడు కిలోమీటర్లు తిరిగింది. నా కారు తిరగలేదు. తిరగబోదు. దానికి బ్రేకు వేయడం మరిచిపోయే ప్రమాదం కూడా లేదు."

భానుమూర్తి గారు నియమావళి తిరగేశారు. మరోసారి తిరగేశారు. ఆయన మొహంలో జీవితంలో మొదటిసారి ఒక వెలుగు కనిపించింది. శాఖలో ముప్పయ్యయిదేళ్ళు దేనికోసం తపించారో అది ఆయన కళ్ళెదుట నిలబడింది. "అఖండనీయం," అన్నారు గద్గద స్వరంతో. "మనం ఇన్నేళ్ళూ కార్లుంచుకుని కార్ల లోపాలను సవరిస్తూ వచ్చాం. సంపూర్ణ స్పోర్ట్స్ కార్ల క్లబ్బు సభ్యుడు మన మధ్యనే షేరాటోలో తిరుగుతున్నాడని గుర్తించలేకపోయాం. జనార్దనశర్మ గారు ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించడమైనది."

చప్పట్లకు హాలు దద్దరిల్లింది. మనిషెత్తు దండ ఎక్కడుందో నూకరాజుకొక్కడికే తెలుసు కాబట్టి ఆయనే వెళ్ళి తెచ్చి శర్మగారి మెడలో వేయాల్సొచ్చింది.

కొత్త అధ్యక్షులు అక్కడికక్కడే మొదటి ఉత్తర్వు చదివారు. సభ్యులందరూ ముప్పై రోజుల్లోగా తమ కార్లను వదిలించుకుని స్వర్ణ సభ్యత్వం పొందాలి. ఇంకా కార్లుంచుకునే వాళ్ళను సాధారణ సభ్యులుగా పరిగణించి వెనక వరుసలో కూర్చోబెడతారు. అందరూ చెయ్యెత్తారు. బులిరెడ్డి కిటికీలోంచి పెట్టెకేసి ఒకసారి చూసి, తనూ ఎత్తాడు.

నూకరాజు కూడా చెయ్యెత్తబోయాడు. నాలుగేళ్ళ అలవాటు. సగం ఎత్తిన చేత్తో పక్కకు చూస్తే సత్యవేణి కనిపించింది. తాగిన టీ కప్పు పెట్టి రావడానికి కాబోలు, కప్పు ఒక చేత పట్టుకుని రెండో చెయ్యి కుర్చీ మీద ఆనించి లేవడానికి ప్రయత్నిస్తోంది. ఒకసారి లేచి కూర్చుండిపోయింది. మళ్ళీ లేచింది. ఆయనకు ఒళ్ళంతా మండిపోయింది. క్లబ్బు మీద కాదు, బులిరెడ్డి మీద కాదు, తన మీదే. ఈ మనిషి ముప్పయ్యేళ్ళు కాచుకుని కూర్చుంటే, తను ఆవిణ్ణి గాలన్నాడు.

చెయ్యి దించి, ఆవిడ చేతిలో కప్పు తీసుకుని కింద పెట్టాడు. "పద," అన్నాడు. మైదానంలోకి రాగానే, "సోములూ! చక్రాలు బిగించరా!" అని కేకేశాడు.

సోములు ఎందుకని అడగలేదు. "నాలుగేళ్ళయ్యిందండి ఇలాంటి మాట కోసం చూత్తా," అని మాత్రం అని, లారీలో దాచి తెచ్చిన చక్రాలు దించి స్పానరు అందుకున్నాడు.

నాలుగో చక్రం ఎక్కేసరికి సభ్యులంతా చుట్టూ మూగారు. నూకరాజు సత్యవేణిని లోపల కూర్చోబెట్టి, తనూ కూర్చుని తాళం తిప్పాడు. దీపాలు మినుకుమన్నాయి గానీ ఇంజను కదల్లేదు. ఆర్నెల్ల నిషేధానికి బ్యాటరీ నీరసించిపోయింది.

"ఆగండి!" అని భానుమూర్తి గారు అరిచారు. "క్లబ్బు ఆవరణలో ఇంజను ఆడించడం నేరం!"

"అంతకన్నా ఘోరం," అన్నారు శర్మగారు, దండ సర్దుకుంటూ. "ఆవరణలో నేరం జరిగితే బాధ్యత అధ్యక్షుడిది. అంటే నాది. పదవి చేపట్టి ఇంకా పావుగంట కాలేదు. ఇంజను ఆడేలోపు ఈ వాహనాన్ని గేటు బయటికి పంపించేయాలి."

"ఎలా పంపుతాం? అది స్టార్టవదు కదా."

"తోయండి. తోయడం చలనం కిందకు రాదు. తొలగింపు కిందకొస్తుంది."

అలా ఉభయ గోదావరి మండల స్పోర్ట్స్ కార్ల క్లబ్బు సభ్యులు పుట్టి బుద్ధెరిగి మొదటిసారి అందరూ కలిసి ఒక పని చేశారు. తెల్లచొక్కాల పెద్దమనుషులు పదకొండుమంది ఎర్రకారు వెనక చేతులానించి తోశారు. భానుమూర్తి గారు పక్కన నడుస్తూ "విధానం ప్రకారం, విధానం ప్రకారం" అంటున్నారు. బులిరెడ్డి రొప్పుతూ, "ఏం బరువండీ బాబూ! నడిచే కార్లు ఇంత బరువుంటాయా?" అన్నాడు. కారు మెల్లగా, తర్వాత గబగబా దొర్లింది. సరిగ్గా గేటు దాటుతుండగా నూకరాజు గేరు వేసి క్లచ్చి వదిలాడు. కారు ఒక్క కుదుపు కుదిపి గర్జించింది. తోసిన వాళ్ళు పదకొండుమందీ దుమ్ములో నిలబడిపోయారు. అంత పెద్ద చప్పుడు అందులోంచి వస్తుందని వాళ్ళకు ఇన్నాళ్ళూ తెలియదు. ఒకరిద్దరి మొహాల్లో పసిపిల్లలకు మల్లే సంతోషం కనిపించిందంటారు. వాళ్ళు దాన్ని వెంటనే దాచుకున్నారు.

కాకినాడ దారిలో గంట ప్రయాణం బాగానే సాగింది. ఆ తర్వాత ఒక ఊరొచ్చింది, ఊరికో స్పీడు బ్రేకరు వచ్చింది. ఎంత నెమ్మదిగా ఎక్కించినా ఎర్రకారు పొట్ట ఆనించి దాని మీద కూర్చుండిపోయింది. విచారణ సంఘం నలభై రెండు పేజీలూ నూకరాజు కళ్ళముందు తిరిగాయి.

టీ కొట్టు దగ్గర్నించి ఆరుగురు లేచొచ్చారు. ఊరు వేరు, మనుషులు వేరు, మాట మాత్రం అదే. "ఎత్తి అవతల పెట్టేత్తామండి, మీరు కూచోండి."

"ఆవిడ దిగలేదండి, మోకాళ్ళు..."

"అమ్మగారిని దిగమన్నదెవరండీ?"

ముగ్గురు ముందు, ముగ్గురు వెనక. "ఎయ్, పట్టు!" అన్నారు. సత్యవేణి పల్లకీలో కూర్చున్నట్టు గాల్లోకి లేచి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ అవతల దిగింది. నూకరాజు గడియారం చూసుకున్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ఎక్కడికండీ ఇంత అందమైన బండిలో?" అని ఒకతను అడిగాడు. "సముద్రానికండి," అంది సత్యవేణి.

ఉప్పాడ రోడ్డు మీద, కెరటాల తుంపర అద్దం మీద పడేంత దగ్గరగా కారు ఆపాడు నూకరాజు. "దిగుతావా?"

"దిగితే మళ్ళీ ఎక్కలేనండి. ఇక్కణ్ణించే కనపడతంది."

హారను కొట్టేవాళ్ళు ఎవరూ లేరు. పొద్దు వాలేదాకా చూశారు. మీటరు ఎంత చూపిస్తోందో నూకరాజు చూసుకోలేదు.

మంగళవారం పొద్దున పేరి జనార్దనశర్మ గారు కడియం రోడ్డు మీద షేరాటో దిగి, ఎండలో నడుచుకుంటూ నర్సరీకి వచ్చారు. ఎర్రకారు గేటు దగ్గర సిద్ధంగా ఉంది. సత్యవేణి అప్పటికే సీట్లో కూర్చుని ఉంది. శర్మగారు చెమట తుడుచుకుని నోటీసు చదివారు. "తాడాల నూకరాజు అను సభ్యుడు, సదరు కారును కారుగా వినియోగించినట్టు క్లబ్బు దృష్టికి వచ్చినది. ఇట్టి చర్యకు తనను ఏల తొలగించరాదో సంజాయిషీ ఇవ్వవలసినది. జప్తు చేసిన సాక్ష్యము ఇందుతో జతపరచడమైనది."

సాక్ష్యం అంటే కవర్లో ఉన్న కనకాంబరం. ఎండి రంగు వెలిసిపోయింది.

నూకరాజు పెన్ను అడిగి తీసుకుని, కారు మీదే కాగితం పెట్టుకుని ఒక్క వాక్యం రాసిచ్చాడు. శర్మగారు కళ్ళజోడు సరిచేసుకుని పైకే చదివారు. "ఈ పువ్వు గాలికి వచ్చి పడినది కాదు, నా భార్య సత్యవేణిది, ఆమె ఈ సీటులో కూర్చున్నది, ఇకపై కూర్చున్నప్పుడల్లా పూలు పడుతూనే ఉంటాయి."

సత్యవేణి అటు తిరిగి షెడ్డులోని ఎరువు బస్తాలకేసి చూస్తోంది. కళ్ళు తుడుచుకోవడం కనపడకూడదని.

శర్మగారు సంజాయిషీని ఫైల్లో పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డారు. ఎండ చూశారు, రోడ్డు చూశారు, కారు చూశారు. "మీరు ఎటూ రోడ్డు మీదకే కదా నూకరాజు గారూ? సెంటరు దాకా..."

"రెండే సీట్లండి," అంది సత్యవేణి.

నూకరాజు గేరు వేశాడు. ఆపరేషను రేపు. ఈరోజంతా వాళ్ళదే.